తలకిందుల చదువు

బడి అనగానే మనకు బల్లలూ, నల్లబల్లా గుర్తుకొస్తాయి. కొచ్చిలో మన నౌకాదళంవారి బడి ఒకటుంది. అందులో ఉన్నదల్లా ఒక పెద్ద ఈతకొలను, దానిమీద క్రేను, ఆ క్రేనుకు వేలాడే హెలికాప్టరు డొక్కలాంటి గది. 1953లో ఏర్పడిన ఐ.ఎన్.ఎస్. గరుడ అనే విమాన స్థావరంలో ఉన్నదీ బడి. సముద్రంమీద హెలికాప్టర్లు నడిపేవారిని అందులో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, గదిని నీళ్లలో ముంచి, తలకిందులు చేస్తారు. ఇక మీరే బయటికి రండి అంటారు!

ఈ సంగతి చెబితే మా వీధిలో ఒక బామ్మగారు బుగ్గలు నొక్కుకున్నారు. ఆవిడ మనుమడు విశాఖలో ఐ.ఎన్.ఎస్. డేగలో పనిచేస్తున్నాడు. “గాలిలో ఎగిరేవాడికి నీళ్లలో మునిగే చదువెందుకు నాయనా?” అన్నారు.

కారణం సులువే, బామ్మగారూ. హెలికాప్టరుకు ఇంజనూ, గేర్లపెట్టే, తిరిగే రెక్కలూ అన్నీ నెత్తినే ఉంటాయి. నీళ్లమీద పడితే చాలాసార్లు తలబరువుకు బోర్లా తిరిగిపోతుంది. లోపలివారికి ముక్కులోకి నీళ్లు, కళ్లముందు బుడగలు. ఏది పైనో ఏది కిందో తెలియదు. అప్పుడు ఎవరికైనా తోచేదేమిటి? ముందు పట్టీ విప్పుకుందామని. అదే ప్రాణంమీదికి తెస్తుంది. పట్టీ విప్పినవాడు తేలిపోయి, ఇప్పుడు పైకొచ్చిన నేలకు కొట్టుకుంటాడు. తలుపు ఏ వైపున్నదో పోగొట్టుకుంటాడు. కిటికీని తోద్దామంటే కాలికి ఆనిక ఉండదు.

అందుకని వరుస నేర్పుతారు. ఒక చెయ్యి కిటికీ అంచుమీద, రెండోది పట్టీ కొక్కెంమీద. గది తిరగడం ఆగేదాకా కదలకూడదు. కిటికీ తెరిచాక, ఆ అంచు వదలకుండా, అప్పుడు పట్టీ విప్పాలి. కరెంటు పోయినప్పుడు మన ఆడవాళ్లు వంటింట్లో అగ్గిపెట్టె తీసే పద్ధతే ఇది. కన్ను పనిచెయ్యనిచోట చేతికి దారి తెలిసి ఉండాలి.

దీనికి మూలం రెండో ప్రపంచయుద్ధంలో ఉంది. అమెరికాలో పెన్సకోలా నౌకాదళ స్థావరంలో విల్‌ఫ్రెడ్ కానెబ్ అనే యువ అధికారి, విమానం ముందుభాగాన్ని పట్టాలమీదుగా కొలనులోకి జార్చే యంత్రం తయారుచేశాడు. ఆ రోజుల్లో నౌకాదళంవారి బొమ్మల్లో డిల్బర్ట్ అని ఒక తలతిక్క పైలటు ఉండేవాడు. యంత్రానికి వాడి పేరే పెట్టారు. తరువాత హెలికాప్టర్లు వచ్చాయి. పలువురు కూర్చునే గిర్రున తిరిగే గదులూ వచ్చాయి.

ఇటువంటి బడి కట్టే ఇంజనీరుకు అసలు చిక్కు ఎక్కడంటే, భయం నిజమైనదిగా ఉండాలి, ప్రమాదం మాత్రం ఉండకూడదు. నీళ్లు నిండిన గదిని పైకి లాగితే బరువు ఇంతింత కాదు. అందుకని నీరు చప్పున జారిపోయే దారులుండాలి. లోపల కాపలా ఉన్న ఈతగాడు సైగచేస్తే క్రేను తక్షణం లాగాలి. కరెంటు పోయినా గది అడుగున ఉండిపోకూడదు. చీకటి రాత్రి కావాలంటే హాలుకు వెలుగు రాకుండా మూయాలి. మూస్తే కొలనులోని క్లోరిన్ గాలి బయటికిపోక ఇనుమును తినేస్తుంది. అలలు పుట్టించాలి, వాన కురిపించాలి, అయినా నీరు అద్దంలా ఉండాలి, అడుగున మనిషి కనబడాలిగదా! కెనడాలోనైతే నీళ్లు కాచుకోవాలి. కొచ్చివారికి ఆ ఖర్చు లేదు.

నాకన్నిటికంటె ముఖ్యమనిపించింది కిటికీల సంగతి. ఒక హెలికాప్టరులో కిటికీని తోస్తే ఊడుతుంది, మరొకదానిలో పిడి తిప్పాలి. కాబట్టి ఏ హెలికాప్టరువారు వస్తే ఆ కిటికీలు బిగించే వీలుండాలి. లెక్కలు చూసే పెద్దమనిషి “కిటికీకి కిటికీకి తేడా ఏమిటి?” అని కలం ఎత్తితే, ఆయన్ను ఒకసారి అందులో కూర్చోబెట్టాలంటాను. తప్పు అలవాటుపడిన చెయ్యి, ఏమీ నేర్వని చేతికన్న చెడ్డది.

ఒకేసారి భయపెట్టరు లెండి. మొదట వెలుతురులో, బోర్లా తిప్పకుండా. తరువాత తిప్పి. ఆపైన తన కిటికీ బిగుసుకుపోయిందనుకుని పక్కవాడి కిటికీలోంచి. చివరికి చీకట్లో. అయినా కొన్నేళ్లకు చెయ్యి మరచిపోతుంది, మళ్లీ రావలసిందే.

సైనికులకే కాదు, సముద్రంలోని చమురు, గ్యాసు బావుల పనికి హెలికాప్టరులో వెళ్లేవారికి కూడా ఈ ముంపుచదువు ఉంది. మన కాకినాడ ఎదుటా అటువంటి బావులున్నాయి. మీ ఇంట్లో అటువంటి ఉద్యోగి ఉంటే, కాఫీ ఇస్తూ మాటవరసకు అడిగి చూడండి, పట్టీ ముందా కిటికీ ముందా అని. తడుముకోకుండా చెప్పాలి.