ఎవరిని కాయడానికి ఈ కన్ను?

"ఆయన కొట్టడక్కా. తిట్టడు కూడా. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూచుని నన్ను చూస్తుంటాడు."

సలహా కోసం మా దగ్గరికి వచ్చిన ఒక చెల్లెలు అన్న మాట ఇది. వాళ్ళింట్లో వీధి తలుపు దగ్గర ఒక కెమెరా, హాల్లో ఒకటి, వంటింటి గుమ్మం మీద ఒకటి. మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే ఫోను మోగుతుంది. పక్కింటావిడ వచ్చి పది నిమిషాలు కూచుంటే ఫోను మోగుతుంది. అమ్మతో మాట్లాడి కళ్ళు తుడుచుకుంటే, రాత్రి భోజనాల దగ్గర ఆ కన్నీళ్ళకి సంజాయిషీ చెప్పుకోవాలి. ఒంటిమీద దెబ్బ లేదు. ఏమని ఫిర్యాదు చేయాలి?

దొంగల భయంతో పెట్టించామంటారు. దొంగ బయటినుంచి కదా వచ్చేది! మరి కెమెరా ముఖం వంటింటివైపు ఎందుకు తిరిగింది? వీధిని చూసే కెమెరా కాపలా. ఇంట్లోకి చూసే కెమెరా పెత్తనం. ఒకప్పుడు కోడలి మీద అత్తగారి కన్ను, ఆడబిడ్డ కన్ను ఉండేవి. ఆ కళ్ళు కనీసం నిద్రపోయేవి. ఈ కన్ను నిద్రపోదు, చూసింది మరిచిపోదు.

ఇది ఎలా పనిచేస్తుందో మనం తెలుసుకోవాలి. కెమెరాల తీగలన్నీ ఒక పెట్టెలోకి వెళ్తాయి. అందులోని హార్డ్ డిస్కులో దృశ్యాలు నిలవ ఉంటాయి. డిస్కు నిండితే పాతవి చెరిగి కొత్తవి ఎక్కుతాయి. ఆ పెట్టెకి ఇంటర్నెట్ కలిపితే, పాస్‌వర్డు తెలిసినవాళ్ళు ఎక్కడున్నా కంప్యూటర్ తెర మీద నాలుగు గళ్ళలో నాలుగు గదులు చూడొచ్చు. చాలా కెమెరాలకు మాటలు వినే మైకు కూడా ఉంటుంది. అంటే అసలు తాళం చెవి పాస్‌వర్డు. అది ఎవరి చేతిలో ఉంది? కెమెరా కింద ఇరవైనాలుగు గంటలు బతికే స్త్రీ చేతిలో మాత్రం లేదు. ఆఫీసు బల్లమీద ఆ తెర తెరిచి ఉంటే వెనకనుంచి పోయే ప్రతివాడూ ఆమె వంటింట్లోకి తొంగిచూసినట్టే.

భర్త ఒక్కడే చూస్తాడన్న నమ్మకమూ లేదు. పెట్టె కొన్నప్పుడున్న పాస్‌వర్డునే మార్చకుండా వదిలేస్తే బయటివాళ్ళు సులువుగా చొరబడతారు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోంచి, వైద్య పరీక్షలు చేయించుకుంటున్న స్త్రీల దృశ్యాలు బయటికి పొక్కి అమ్మకానికి వచ్చాయి. రక్షణకని పెట్టినవే! కంచే చేను మేసింది.

ఇక ఇంటిపని చేసే స్త్రీల సంగతి. కొడుకు అమెరికాలో, తల్లిదండ్రులు విజయవాడలో. వాళ్ళని చూసుకునే ఆమె అన్నం తినే వేళా, కొంగు సర్దుకునే క్షణమూ సముద్రాల అవతల తెర మీద కనిపిస్తాయి. పనిలో పెట్టుకునేటప్పుడు ఆమెకి ఒక్క మాట చెప్పారా? ముసలివాళ్ళని, పసివాళ్ళని హింసించేవాళ్ళుంటారు, వాళ్ళకి రక్షణ అక్కర్లేదా అని అడుగుతారు. అక్కరే. కానీ చెప్పి పెట్టడం వేరు, దాచి పెట్టడం వేరు. మంచం పక్కన పెట్టడం వేరు, ఆమె పడుకునే మూల పెట్టడం వేరు. పైగా కెమెరా ఉంటే స్త్రీకి కూడా సాక్ష్యమే కదా అనేవాళ్ళకి ఒక ప్రశ్న: కొట్టినవాడి చేతిలోనే పాస్‌వర్డు ఉంటే ఆ సాక్ష్యం తెల్లవారేదాకా మిగులుతుందా?

చట్టం ఏమంటోంది? గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. స్నానం చేస్తున్నప్పుడో, బట్టలు మార్చుకుంటున్నప్పుడో దొంగచాటుగా చూడడం, చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. హాల్లో రోజంతా చూడడం మాత్రం దాని కిందికి రాదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టమైతే, వ్యక్తులు సొంతానికో ఇంటి అవసరానికో వాడుకునే సమాచారాన్ని తన పరిధిలోంచే తప్పించింది. మళ్ళీ అదే గడప! గడప లోపల జరిగేది ఇంటి విషయమన్న పాత పాటే చట్టం పాడుతోంది.

ఒక దారి తెరుచుకుంది. కలిసి ఉంటున్నవారి అంగీకారం లేకుండా ఇంటి లోపలి భాగంలో కెమెరాలు నడపడం గోప్యతకు భంగమని 2025లో కలకత్తా హైకోర్టు తీర్పిచ్చింది. దానిమీద వచ్చిన అప్పీలును సుప్రీంకోర్టు కొట్టేసింది. అది అన్నదమ్ముల తగాదా. అన్న కెమెరాకి తమ్ముడి అంగీకారం కావాలంటే, భర్త కెమెరాకి భార్య అంగీకారం అక్కర్లేదా? ఈ ప్రశ్నని మనమే కోర్టుల్లోకి తీసుకెళ్ళాలి. 2005 గృహహింస చట్టం మానసిక హింసని హింసగానే గుర్తించింది. నిరంతర నిఘా మానసిక హింసేనని వాదించి, 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వుల్లో కెమెరాలు తీయించమని అడగాలి. ఇంటిపనివారికి ఇల్లే పనిచేసే చోటని 2013 లైంగిక వేధింపుల చట్టం ఒప్పుకుంది. కెమెరా పేరుతో లైంగిక వేధింపు జరిగితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయించాలి.

మన దగ్గరికి వచ్చే ప్రతి స్త్రీనీ ఇకనుంచి రెండు ప్రశ్నలు అడుగుదాం. మీ ఇంట్లో కెమెరా ఉందా? పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది? ఉందంటే ఆమెతో ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్లో మాట్లాడొద్దు. తొందరపడి తీగ పీకమని సలహా ఇవ్వొద్దు. తెర నల్లబడిన మరుక్షణం అతనికి తెలిసిపోతుంది. దెబ్బలు రికార్డయి ఉంటే, అవి చెరిగిపోకముందే పెట్టెని స్వాధీనం చేసుకోమని పోలీసులనీ కోర్టునీ రాతపూర్వకంగా కోరాలి.

ఇంట్లో అందరికీ తెలియకుండా, అందరూ ఒప్పుకోకుండా లోపల కెమెరా ఉండకూడదు. పాస్‌వర్డు ఒక్కడి సొత్తు కాకూడదు. పనిమనిషికి పనిలో చేరేముందే చెప్పాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. తనింట్లో తను ఎవరికీ కనపడకుండా ఒక గంట కూచునే హక్కు, ఆ చెల్లెలు అడిగింది అంతే.