పాత ఫైబరు పుట్టికి మాసిక



వాడపల్లి దగ్గర మూసీని కలుపుకొన్న కృష్ణ, మట్టపల్లి మీదుగా సాగి కోదాడకు దక్షిణముగా పులిచింతల జలాశయములో నిలుస్తుంది. 2013లో ప్రారంభమైన ఆ జలాశయము నిండితే 45.77 టి.ఎం.సి. నీరు. ఆ నీటి మీద వల వేసుకొని బ్రతికే కుటుంబములు మన పాఠకులలోనూ ఉన్నాయి. వారి ఇండ్లకు ప్రార్థనకు వెళ్లినప్పుడు మేము తరచు చూసేది ఒకటే: గోడ ప్రక్కన బోర్లించిన పాత ఫైబరు పుట్టి, దాని అడుగున పగులు, పగులు మీద తారు, తారు మీద లప్పము, దాని మీద మళ్లీ తారు. ఇది ఎన్నాళ్లు ఆగుతుందని అడిగితే, "వారమో పది రోజులో అయ్యగారూ, తర్వాత మళ్లీ కారుడే" అంటారు. ఆ పుట్టిలో కూర్చొనేది భార్యాభర్తలిద్దరూ, ఒక్కోసారి బడి లేని పిల్లవాడూ. కాబట్టి ఈ నెల దీని గురించే వ్రాస్తున్నాము.

వెదురు పుట్టి సంగతి మన పెద్దలకు తెలిసినదే. అల్లిక మీద పట్టా, పట్టా మీద తారు. నోవహు ఓడకు లోపల, వెలుపల పూసిన కీలు, పసివాడైన మోషేను ఉంచిన జమ్ముపెట్టెకు పూసిన కీలు, ఈ తారుకు దగ్గరి చుట్టములే. వెదురు పుట్టికి తారు సరియైన వైద్యము. ఫైబరు పుట్టికి కాదు.

ఎందుకంటే, ఫైబరు అని మనము పిలిచేదానిలో రెండు వస్తువులు ఉన్నాయి. గాజు దారముల చాప ఒకటి, దానిని తడిపి గట్టిపడే రెజిన్ ఒకటి. మట్టిగోడ పెట్టేవారు బురదలో వరిగడ్డి వేసి తొక్కేది ఇందుకే గదా! గడ్డి లేని మట్టి బీటలు వారుతుంది. మట్టి లేని గడ్డి గోడ కాదు. ఇక్కడ లాగుడును భరించేది గాజు దారము. ఆ దారములను పట్టి ఉంచి నీటిని బయట ఆపేది రెజిన్. పుట్టి రాతికి తగిలి పగిలినప్పుడు తెగేది దారము. పైన ఎంత తారు పూసినా తెగిన దారము అతకదు. నీరు కొన్నాళ్లు ఆగుతుంది, బలము మాత్రము రాదు. లప్పమును పట్టణములో పుట్టీ అంటారు. పుట్టీతో పుట్టి బాగుపడదని మేము నవ్వుతూ చెబుతుంటాము.

సముద్రపు అలల మీద నిలబడి ఆడే పలకల వారు ఈ పనిలో ఆరితేరినవారు. 1940లలో అమెరికాలోని కాలిఫోర్నియా తీరములో పలకలకు గాజు గుడ్డ, రెజిన్ వాడటము మొదలైంది. 1950ల చివరికి లోపలి చెక్కకు బదులు తేలికైన నురుగు దిమ్మ వచ్చింది. మన విశాఖపట్నములోనూ ఋషికొండ దగ్గర యువకులు ఇప్పుడు ఆ పలకల మీద అలలు ఎక్కుతున్నారు. పాత పలకను బాగుచేసే మనిషి మొదట రెజిన్ డబ్బా తెరవడు. పగిలినచోట పై పొరను కోస్తాడు. లోపలి నురుగు నీరు పీల్చి పసుపు తిరిగి ఉంటే రోజుల తరబడి, ఒక్కోసారి వారముల తరబడి నీడలో ఆరబెడతాడు. తడి మీద మూత వేస్తే లోపలి నీరు ఎండకు ఆవిరై కొత్త పొరను బొబ్బలా లేపుతుంది. ఇంకొకటి కూడా చూస్తాడు: లోపలి నురుగు ఏ రకము? క్రిస్మస్‌కు పశువులపాక బొమ్మ చేసే థర్మోకోల్ వంటిదైతే మామూలు పాలియెస్టర్ రెజిన్ తగలగానే కరిగి గుంట పడుతుంది. దానికి ఎపాక్సీ రెజినే వాడాలి. కొన్ని ఫైబరు పడవలలో మునిగిపోకుండా లోపల నురుగు నింపుతారు గనుక ఈ మాట మనకూ పనికి వస్తుంది.

ఇక మన పుట్టి దగ్గరకు వద్దాము. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాము గదా, అలాగే రూపాయి బిళ్లతో పగులు చుట్టూ తట్టుకుంటూ పోవాలి. ఖంగుమన్నంత మేర మంచిది. మొద్దుగా పలికినంత మేర లోపలి పొరలు విడిపోయాయి. పగులు జానెడే కనిపించినా చెడినది మూరెడు ఉండవచ్చు. బొగ్గుతో గీత గీసి, ఆ గీత లోపలిదంతా కోసి పారవేయాలి. చాలామంది ఇక్కడే వెనుకాడతారు. ఉన్న రంధ్రమును పెద్దది చేయడానికి ఎవరికి మనసు ఒప్పుతుంది? కాని పని మొత్తములో సగము ఇదే అని మా అభిప్రాయము. తరువాత పాత తారును గీకి, ఎసిటోన్‌తో తుడిచి, నాలుగైదు రోజులు బాగా ఆరనివ్వాలి. వానకాలములో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

కోసిన అంచును నిట్టనిలువుగా వదలకూడదు. ఎమరీ పేపరుతో చుట్టూ ఏటవాలుగా అరగదీయాలి. మందమునకు పన్నెండింతలు వాలు ఉండాలని పనివారి లెక్క. పుట్టి మందము 3 మిల్లీమీటర్లైతే చుట్టూ 36 మిల్లీమీటర్లు, అంటే సుమారు రెండు వేళ్ల వెడల్పు. పాత బట్టకు కొత్త బట్ట మాసిక వేస్తే చిరుగు పెద్దదవుతుందని ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలుసు. పాలియెస్టర్ రెజిన్ కూడా గట్టిపడేటప్పుడు ఘనపరిమాణములో దాదాపు 7 శాతము కుంచించుకుంటుంది. అంచు నిలువుగా ఉంటే మాసిక తన వైపు లాక్కొని అతుకు దగ్గరే విడుతుంది. వాలు ఎంత వెడల్పైతే పట్టు అంత.

తరువాత గాజు చాప. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే చాప దొరుకుతుంది. దానికి రెజిన్ రెండు నుండి రెండున్నర రెట్ల బరువు పడుతుంది. ఎక్కువ పోస్తే బలమని అనుకోవద్దు, అది పెళుసుదనము. పెద్ద ముక్క ముందు వేయాలా, చిన్నది ముందా అని పనివారిలో రెండు వాదములు ఉన్నాయి. పెద్దది ముందు వేస్తే వాలు అంతటినీ ఒకే ముక్క పట్టుకుంటుంది గనుక మేము ఆ పక్షమే. ప్రతి పొరలోని గాలి బుడగలను రోలరుతో వత్తి బయటకు పంపాలి.

ఇప్పుడు తల్లులు ప్రత్యేకముగా గమనించవలసిన సంగతి. రెజిన్ గట్టిపడటానికి కోబాల్ట్, క్యాటలిస్ట్ అని రెండు ద్రవములు ఇస్తారు. ఈ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే మంట లేచి పేలుతుంది. ముందు కోబాల్టును రెజిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతనే క్యాటలిస్ట్ వేయాలి. కిలో రెజినుకు 10 నుండి 20 గ్రాములు చాలు, మన ఎండాకాలములో 10కి దగ్గరగా. అది చూడటానికి అచ్చము నీళ్లే. నీళ్ల సీసాలో పోసి గూట్లో పెట్టారా, పిల్లవాడు త్రాగుతాడు. ఒక్క చుక్క కంటిలో పడితే చూపు పోవచ్చు. వెంటనే పావుగంటసేపు మంచినీళ్లతో కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి. పని ఆరుబయట చేయాలి. దగ్గరలో పొయ్యి, బీడీ ఉండకూడదు. అరగదీసేటప్పుడు ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దములు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. కోసిన ముక్కలను కాల్చవద్దు, ఆ పొగ మంచిది కాదు.

సూర్యాపేట ఎండలో కలిపిన రెజిన్ కప్పులోనే కొన్ని నిమిషములలో బిగుసుకొని పొగ చిమ్ముతుంది. అందుకే తెల్లవారుజామున, చెట్టు నీడన, అరకిలోకు మించకుండా కలుపుకోవాలి. చివరి పొర గాలి తగిలి జిగటగా ఉండిపోతుంది. పైన పాలిథిన్ కాగితము పరిచి వత్తితే ఆ బాధ ఉండదు.

అడుగు అంతా మెత్తబడి, ఎక్కడ తట్టినా మొద్దుగా పలికే పుట్టిని బాగుచేయవద్దు. ఎంత ప్రియమైనదైనా దానిని నీటిలోకి దించవద్దు. మిగిలినవి వారము రోజులు ఆరిన తరువాత రెండు రాళ్ల మీద ఎత్తి, లోపల నీరు పోసి, రాత్రంతా ఉంచి, తెల్లవారి అడుగున చేయి పెట్టి చూడండి. చెమ్మ తగలకపోతే మోకాలి లోతు నీటిలో ఇద్దరు పెద్దలు ఎక్కి చూడవచ్చు. పిల్లలను ఆ తరువాత.