వంటింటి బీరువాకి బీడింగు

వంటింట్లో కొయ్య బీరువా పాతబడింది, పారేయడానికి మనసొప్పడం లేదు, అంచులకు బీడింగు వేయిస్తే కళ వస్తుందా అని కొందరు సోదరీమణులు అడుగుతున్నారు. తప్పకుండా వస్తుంది. కాని వేయించేముందు ఒక్క సంగతి తెలుసుకోండి.

కొయ్య వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. వేసవిలో ఎండి తగ్గుతుంది. ముసురు రోజుల్లో తలుపులు బిగుసుకుపోవడం మనకు తెలిసిందే కదా! ఈ పెరగడం, తరగడం అంతా పలక వెడల్పులోనే. పొడుగులో దాదాపు ఉండదు. అడుగున్నర వెడల్పు టేకు పలకలో 3 మిల్లీమీటర్ల వరకు తేడా రావచ్చు. పాత కొయ్య ఇంకేం కదులుతుంది అనుకోకండి. అదీ కదులుతుంది.

మా పక్కింటావిడ అత్తగారినాటి టేకు బీరువాకి ముచ్చటపడి బీడింగు వేయించారు. పక్క పలకలమీద అడ్డంగా, ఈ చివరనుంచి ఆ చివరకు జిగురు రాసి మేకులు దిగగొట్టారు. ఎండలు వచ్చేసరికి పలక తగ్గబోయింది, బీడింగు తగ్గనివ్వలేదు. పలక నిలువునా బీటవేసింది. "యాభై ఏళ్ళు చెక్కుచెదరని బీరువా అండీ!" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

మీరు మేస్త్రితో ఇలా చెప్పండి. పలక పొడుగు వెంట వచ్చే బీడింగుకి జిగురు అంతటా రాయవచ్చు. అడ్డంగా వచ్చే ముక్కకు మాత్రం ముందు మూలనుంచి రెండంగుళాల మేరకే జిగురు. తక్కినదానికి సన్న మేకులు చాలు. పలక కదిలినప్పుడు సన్న మేకు కాస్త వంగి సర్దుకుంటుంది. మూలల అతుకూ విడదు. మేకు దింపేముందు చిన్న బెజ్జం వేయిస్తే బీడింగు చివర్లు చీలవు.

ప్లైవుడ్డుకి ఈ బెడద లేదు. దాని పొరలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెట్టి అతికినవి గనుక అంతగా కదలదు. అంతటా జిగురు రాయవచ్చు. పైగా అంచుల్లోకి నీళ్ళు దిగకుండా బీడింగు కాపాడుతుంది.

మరొక్కమాట. పొయ్యి దగ్గర పువ్వులు, తీగలు చెక్కిన నగిషీ వద్దు. ఆ సందుల్లో తాలింపు జిడ్డు పేరుకుంటే వదిలించడం మన తరం కాదు. నున్నటి బీడింగయితే తడిగుడ్డతో తుడిస్తే సరి.

ఇవన్నీ మేస్త్రి పని మొదలుపెట్టకముందే చెప్పాలి సుమండీ. జిగురు ఆరాక చెప్పి లాభంలేదు.