ప్రయాణంలో మాసిన చొక్కా

జిల్లా కేంద్రాల్లోని చిన్న లాడ్జీలలో దిగే అలవాటున్నవారికి గది తలుపు వెనుక అతికించిన నిబంధనల పట్టిక పరిచితమే. మద్యం సేవించరాదు, పేకాట ఆడరాదు, విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు. వాటి సరసనే మరొకటి ఉంటుంది: గదిలో బట్టలు ఉతకరాదు. సభలకు, సదస్సులకు, నిజనిర్ధారణ పర్యటనలకు ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న నేను ఆ ఒక్క నిబంధనను మాత్రం దిగిన ప్రతిచోటా ఉల్లంఘిస్తూనే వచ్చాను.

సంచిలో రెండు జతలకు మించి పెట్టుకోను. రాత్రి గదికి చేరగానే, చెమట ఆరి మరక కట్టకముందే చొక్కాను బకెట్టులో నానవేస్తాను. ముందు కాలరుకు, చేతి పట్టీలకు సబ్బు పట్టించాలి. మురికి అంతా అక్కడే ఉంటుంది. పిండిన చొక్కాను పొడి తువ్వాలులో చుట్టి మరోసారి మెలిపెడితే మిగిలిన తడిని తువ్వాలు పీల్చుకుంటుంది. ఒక్కసారి గట్టిగా దులిపి, అంచు పైకి, కాలరు కిందికి వచ్చేలా వేలాడదీస్తే భుజాల మీద తాడు గీత పడదు. ఫ్యాను గాలికి తెల్లవారేసరికి ఆరుతుంది. జీన్సు మాత్రం ప్రయాణానికి పనికిరాదు, రెండు రోజులైనా నడుము పట్టీ తడిగానే ఉంటుంది. పదిరూపాయల సబ్బుబిళ్ల వారం రోజులకు సరిపోతుంది. అశోక్‌నగర్ ఇరుకు గదుల్లో పోటీపరీక్షలకు చదువుతున్న విద్యార్థులకు ఇదంతా నేను చెప్పవలసిన పనిలేదు.

ఈ విద్యను హాస్టలులో నేర్చుకున్నానని చాలామందికి చెప్పాను. అది అబద్ధం. నేను రజక కుటుంబంలో పుట్టాను. చౌడుమట్టి కలిపిన నీళ్లలో బట్టలు తడిపి బానకెక్కించే మా నాయనమ్మ పక్కన కూర్చుని, ఏ ఇంటి మూట ఏదో నల్లజీడి గింజ రసంతో పెట్టిన గుర్తులను బట్టి పోల్చుకోవడం నేర్చుకున్నాను. పలక మీద అక్షరాలు దిద్దకముందు నేను చదివిన లిపి అదే. పగలంతా ఊరి మైల ఉతికిన ఆమె సాయంత్రం గంప పట్టుకుని అదే ఊరి గడపల ముందు అన్నం కోసం నిలబడేది. ఏడాదికోసారి కళ్లంలో కొలిచే మేర తప్ప ఆ చాకిరికి ధర అంటూ లేదు.

గత వేసవిలో ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణంలో మధ్యాహ్నం కులనిర్మూలన మీద ప్రసంగించి, సాయంత్రం లాడ్జి మేడమీద నా చొక్కా ఆరవేస్తున్నాను. అక్కడ దుప్పట్లు ఉతుకుతున్న యాభై ఏళ్ల స్త్రీ నన్ను చూసి పని ఆపింది. ‘‘ఏంది సారూ, బోర్డు సూడలేదా? మీది మీరే ఉతుక్కుంటే మాకేం మిగుల్తది?’’ అన్నది. విచారిస్తే తేలింది: అతిథి బిల్లులో చొక్కాకు 40 రూపాయలు వేస్తారు. అందులో ఆమెకు వచ్చేది 10. తక్కినది లాడ్జికి, మూటలు తెచ్చే గుత్తేదారుకు. కాసేపు నా చేతులనే చూసి, ‘‘పిండుడు సూస్తే మనోళ్ల లెక్కనే ఉన్నది. మనోళ్లేనా సారూ?’’ అని అడిగింది. ‘‘లేదమ్మా, హాస్టలులో నేర్చుకున్నాను’’ అన్నాను.

ఆ జవాబు నన్ను ఇప్పటికీ వదలలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

ప్రయాణంలో బట్టలు చవకగా ఉతికించుకోవాలన్న కోరిక కొత్తది కాదు. నిజాం రాజ్యంలో దౌరాకు వచ్చిన అధికారికి ఆ సమస్యే లేదు. ఆయన ఊళ్లో మకాం వేస్తే చాకలి వచ్చి బట్టలు ఉతకాలి, అంట్లు తోమాలి. మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వెట్టి వారు చేయాలి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై రాసిన గ్రంథంలో ఏ కులం మీద ఏ వెట్టి మోపారో వివరంగా ఉంది. లోకంలో అంతకంటే చవకైన లాండ్రీ లేదు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను తాను కాపాడుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ ఆ వ్యవస్థ నుంచే లేచి నిలిచింది. ఆమె పేరు నేడు హైదరాబాదులో ఒక మహిళా విశ్వవిద్యాలయానికి ఉంది. ఆమె కులపు పేరు మాత్రం ఊళ్లలో ఇంకా తిట్టుగానే చలామణీ అవుతున్నది. ఒకరిని దుమ్మెత్తిపోయడాన్ని ‘చాకిరేవు పెట్టడం’ అని రాసే పాత్రికేయ మిత్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

మరోవైపు, తన బట్టలు తాను ఉతుక్కోవడం ఒక ఆదర్శంగా చరిత్రకెక్కిన సందర్భమూ ఉంది. దక్షిణాఫ్రికాలో చాకలి ఖర్చు భరించలేక గాంధీ పుస్తకం కొనుక్కుని చదివి మరీ ఉతకడం నేర్చుకున్నారు. తొలిసారి కాలరుకు గంజి ఎక్కువై న్యాయస్థానంలో తోటి వకీళ్లు నవ్వారని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. అయితే అదే పని ఆయన చేస్తే స్వావలంబన అయింది, మా నాయనమ్మ చేస్తే కులవృత్తి అయింది. నేను ‘హాస్టలు’ అని అబద్ధమాడింది ఈ రెండో పేరుకు భయపడే. హాస్టలులో నేర్చుకున్నవాడు పొదుపరి, ఇంట్లో నేర్చుకున్నవాడు చాకలి.

ఈ పేర్లను తుడిచివేయగల ఆయుధం చట్టంలో ఉంది. దుకాణాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలలో కులవివక్షను నిషేధించే 15వ అధికరణంపై 1948 నవంబరు 29న రాజ్యాంగసభలో చర్చ జరిగినప్పుడు, ‘దుకాణం’ అన్న మాటను విశాలార్థంలో వాడామని, సేవ అందించే చోటు కూడా అందులోకి వస్తుందని అంబేడ్కర్ వివరించారు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం, అంటే నేటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, దుకాణాన్ని నిర్వచిస్తూ లాండ్రీని, క్షౌరశాలను పేరుపెట్టి చేర్చింది. న్యాయవిద్యార్థులు ఈ నిర్వచనాన్ని ఒక చిన్న సాంకేతికాంశంగా చదివి వదిలేస్తారు. నా దృష్టిలో అది రెండు కులాలను ఒకేసారి విడిపించిన వాక్యం. దళితుడు గుమ్మంలో అడుగుపెట్టి బట్టలు ఇవ్వగల వినియోగదారుడయ్యాడు. చాకలి ఊరి బానిస కాక, ధర చెప్పి డబ్బు తీసుకునే దుకాణదారుడయ్యాడు.

దళితుడి సంగతి వచ్చింది కాబట్టి మావాళ్ల తప్పునూ ఒప్పుకోవాలి. మా తాత మాలమాదిగల మూటలు ముట్టలేదు. ఊరి పెద్దలు ముట్టనివ్వలేదన్నది నిజం. ముట్టనందుకు ఆయన కొంత గర్వపడ్డాడన్నదీ నిజం. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే ధోబీ షెడ్యూల్డు కులం. ఇటు మన రెండు రాష్ట్రాల్లో రజకులు బీసీ-ఏ. మమ్మల్నీ ఎస్సీలలో చేర్చాలని ఉద్యమిస్తున్న మా సంఘాలు, ముందుగా ఆ ముట్టని మూటల గురించి దళితవాడల్లో నిలబడి మాట్లాడాలని నా అభిప్రాయం. అది చెప్పినందుకు కొన్ని సభలకు నాకు పిలుపులు ఆగిపోయాయి.

అందుచేత ప్రయాణికునికి రెండే న్యాయమైన మార్గాలు కనిపిస్తున్నాయి. తన చేతులతో ఉతుక్కోవడం, లేదా ఉతికినవారికి చేరే ధర చెల్లించడం. మూడోది, మరొకరి చేతుల మీద చవకను వెతుక్కోవడం, దౌరా అధికారి మార్గం. గది అద్దె మీద బేరమాడనివాడు కూడా ఇస్త్రీ బండి దగ్గర రెండు రూపాయలకు బేరమాడతాడు. తెలంగాణ ప్రభుత్వం 2021 నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు ఇస్తున్నది. మంచిదే. కానీ మేడమీద ఉతికే స్త్రీకి మీటరు లేదు, దుకాణం లేదు. లాడ్జి రేట్ల పట్టికలో ఉతుకుడు ధర పక్కన, ఉతికినవారికి దక్కేదెంతో కూడా రాయాలని కార్మిక శాఖ ఆదేశించవచ్చు. తలుపు వెనుక అన్ని నిబంధనలకు చోటున్నప్పుడు ఆ ఒక్క అంకెకు చోటుండదా? బట్టలు ఉతకరాదన్న నిబంధన ఆమె పొట్ట కోసం పెట్టింది కాదని ఆ అంకె ఒక్కటే చెప్పగలదు.

ఆ రాత్రి జల్లు పడింది. ఉదయం హడావుడిగా మేడ ఎక్కేసరికి తాడు మీద నా చొక్కా లేదు. ఆమె దాన్ని వానకు ముందే తీసి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉంచింది. బిల్లులో పడే లెక్క ప్రకారం 40 రూపాయలు ఇచ్చాను. మొదట అసలు వద్దన్నది. మళ్లీ బలవంతం చేస్తే పది నోటు ఒక్కటి ఉంచుకుని, తక్కిన ముప్ఫై నా చేతిలో పెట్టింది.

‘‘నా రేటు పదే, తమ్మీ’’ అన్నది.