నిప్పులో దూకడానికి ఫీజు కూడానా?

ఏప్రిల్లో అగ్నిమాపక వారోత్సవాలని మా అపార్ట్‌మెంట్లో ఒక డ్రిల్ పెట్టారు. ఫైర్ స్టేషన్ నుంచి నలుగురు వచ్చారు. గేటు బయట రేకు తొట్టెలో డీజిల్ పోసి అంటించి, ఎక్స్‌టింగ్విషర్ పిన్ను ఎలా లాగాలో, మంట మొదలును చూసి ఎలా కొట్టాలో చూపించారు. వాళ్లలో ఒక కుర్రాడికి ఇంకా మీసం కూడా సరిగా రాలేదు. మా అసోసియేషన్ సెక్రటరీగారు బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఎదుటివాడి జీతం తెలుసుకోందే ఆయనకు అన్నం సయించదు. "ఏమయ్యా, ఈ ట్రైనింగ్‌కి ఎంత కట్టావు?" అని అడిగారు. కుర్రాడు తెల్లబోయి, "కట్టడమేంటి సార్, స్టయిపెండ్ వాళ్లే ఇచ్చారు" అన్నాడు.

బండి మలుపు తిరిగిందో లేదో సెక్రటరీగారు అందుకున్నారు. "చూశారా! నేర్చుకునేవాడికి కూడా జీతాలు. మనం కట్టే పన్నులు పోయేది ఇలాగే. మా తమ్ముడి కొడుకు సొంత డబ్బు పెట్టుకుని ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేశాడు. పట్టుదలంటే అదీ." చుట్టూ ఉన్నవాళ్లు అవునవునని తలలూపారు.

ఆ తలలూపుడు చూసే నాకు ఒళ్లు మండింది. ఇది ఆయనొక్కడి పైత్యమైతే పోనీ అనుకుందును. ఊరూరా ఇదే మాట. చదువుకు డబ్బు పోయాలి, ట్రైనింగుకు డబ్బు పోయాలి, ఆఖరికి ఉద్యోగానికీ మనమే ఎదురు పోయాలి. పోసినవాడు ప్రయోజకుడు. పొయ్యకుండా ఉద్యోగం తెచ్చుకున్నవాడు ప్రభుత్వ సొమ్ము తిన్నవాడు! ఈ లెక్క ఎవరు నేర్పారో గానీ, నేర్పినందుకు వాళ్లూ ఫీజు తీసుకునే ఉంటారు.

ముందు ఆ డిప్లొమా దుకాణాల సంగతి చూద్దాం. ఆటో వెనకాల, కరెంటు స్తంభం మీద, జిల్లా కేంద్రంలో బస్టాండ్ మూత్రశాల గోడ మీద ఎక్కడ చూసినా అదే బొమ్మ: పసుపు హెల్మెట్, చేతిలో వాకీటాకీ, వెనకాల మంటలు. "ఆరు నెలల్లో డిప్లొమా, గల్ఫ్‌లో ఉద్యోగం, నూటికి నూరు శాతం గ్యారంటీ." మాకు తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు అలాంటి దాంట్లోనే చేరాడు. వాళ్ల నాన్న రెండు విడతల్లో ఫీజు కట్టాడు. రెండో విడతకు బర్రెను అమ్మాడు. కాలేజీ అంటే మొబైల్ షాపు పైన మూడు గదులు. ఒక గదిలో ప్రొజెక్టర్, ఒక గదిలో కౌన్సెలింగ్, మూడో గదికి తాళం. ప్రాక్టికల్స్ రోజున అందరినీ డాబా మీదికి తీసుకెళ్లి, ఒక్కొక్కరి చేత ఎక్స్‌టింగ్విషర్ పట్టించి ఫొటో తీశారు. పిన్ను మాత్రం లాగనివ్వలేదు. లాగితే మళ్లీ నింపించాలి, అది వాళ్లకు ఖర్చు. ఆ ఫొటోయే తర్వాతి బ్యాచ్ కరపత్రం మీద అచ్చయింది. కుర్రాడు ఇప్పుడు ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో సేఫ్టీ సూపర్‌వైజర్. అంటే గేటు దగ్గర నిలబడి స్కూటర్లు వరసలో పెట్టిస్తాడు.

నాగ్‌పూర్ జాతీయ అగ్నిమాపక కళాశాల సంగతి వేరు. 1956లో మొదలైన కేంద్ర హోంశాఖ సంస్థ అది, దాని జోలికి నేను పోవడం లేదు. ఆ పేరులో రెండు ముక్కలు అరువు తెచ్చుకుని బోర్డు రాయించుకున్నవాళ్లతోనే నా తగాదా. ఊళ్లో ఎక్కడైనా అగ్నిప్రమాదం జరిగితే మర్నాడే వీళ్ల కొత్త ఫ్లెక్సీ వెలుస్తుంది, "ఈ రంగంలో డిమాండ్ పెరుగుతోంది" అని. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన రకం.

ఇందులో నన్ను ఎక్కువగా మండించే విషయం ఇంకొకటుంది. తెలంగాణ అగ్నిమాపక శాఖ గానీ, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) గానీ ఫైర్‌మన్ ఉద్యోగానికి ఈ డిప్లొమా అడగవు! 2022లో తెలంగాణ పోలీసు నియామక మండలి 610 ఫైర్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అడిగిన చదువు ఇంటర్. ఆ తర్వాత రాతపరీక్ష, ఎత్తు కొలత, 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. 2024లో సీఐఎస్ఎఫ్ 1130 కానిస్టేబుల్-ఫైర్ పోస్టులు వేసింది. సైన్సుతో ఇంటర్ చదివి ఉండాలి, అయిదు కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరిగెత్తాలి. ఆ సీఐఎస్ఎఫ్ వాళ్లు అగ్నిమాపక శిక్షణ ఇచ్చే సంస్థ ఎక్కడో లేదు, హైదరాబాద్ పక్కన హకీంపేటలో ఉంది. తెలంగాణ అగ్నిమాపక శాఖ శిక్షణ కేంద్రం వట్టినాగులపల్లిలో ఉంది. సెలెక్టయినవాణ్ని తీసుకెళ్లి, బట్టలిచ్చి, బూట్లిచ్చి, తిండి పెట్టి, నెలకింతని చేతిలో పెట్టి నేర్పిస్తారు. పోలీసు నియామకాల భాషలో ఎస్‌సీటీ అంటే స్టయిపెండరీ క్యాడెట్ ట్రైనీ. కోచింగ్ సెంటర్లో కూర్చునే ప్రతి కుర్రాడికీ ఆ మూడక్షరాలు కంఠోపాఠం. మా సెక్రటరీగారికి మాత్రం తెలియలేదు.

ఆయన అనుకుంటున్నట్టు అది "ఊరికే కూర్చోబెట్టి ఇచ్చే జీతం" కాదు. కూర్చోబెడితే కదా! తెల్లారకముందే గ్రౌండు. హోజు పరుగు తీసుకుందాం. మన దగ్గర వాడే డెలివరీ హోజు వ్యాసం 63 మిల్లీమీటర్లు, పొడవు 15 మీటర్లు. ఖాళీగా ఉంటే చుట్ట చుట్టి చంకన పెట్టుకోవచ్చు. నీళ్లు వదిలాక ఆ ఒక్క పైపులోనే దాదాపు 47 లీటర్లు, అంటే 47 కిలోల బరువు. అలాంటివి మూడు కలిపి మెట్ల మీదుగా మూడో అంతస్తుకు లాక్కుపోవాలి. ముందున్నవాడు బ్రాంచి, అంటే నీళ్లు చిమ్మే హోజు ముక్కు, పట్టుకుంటే నీటి వేగానికి అది వెనక్కి తంతుంది. వెనకవాడు భుజం ఆనించకపోతే ఇద్దరూ పడతారు. ఇది డాబా మీద ఫొటో దిగితే వచ్చే విద్య కాదు.

లేదా బీఏ సెట్. పొగలోకి వెళ్లేటప్పుడు వీపున కట్టుకునే గాలి సిలిండర్ అది. ఆరు లీటర్ల సిలిండర్లో 300 బార్ ఒత్తిడితో గాలి కూరితే దాదాపు 1800 లీటర్లు పడుతుంది. పుస్తకంలో దాని ఆయుష్షు 45 నిమిషాలు. భయపడ్డవాడు, మెట్లెక్కుతున్నవాడు, మనిషిని మోస్తున్నవాడు గాలిని గటగటా తాగేస్తాడు. పాతిక నిమిషాలకే అది ఈల వేస్తుంది, బయటికి నడవమని. ఎంత లోపలికి వెళ్తే తిరిగి రాగలడో ఆ కుర్రాడికి ఒంటికి తెలియాలి. అందుకే చీకటి గదిలో పొగ నింపి, ఎడమ చెయ్యి గోడ మీంచి తియ్యకుండా, మోకాళ్ల మీద పాకిస్తూ మళ్లీ మళ్లీ తిప్పుతారు. కొందరు మాస్కు పీకేసుకుని బయటికి ఉరుకుతారు. ఆ ఉరికేది శిక్షణలోనే జరగాలి.

నా గట్టి వాదన ఇక్కడే ఉంది. ఉరికినవాణ్ని ఇంటికి పంపగలిగేది ఎవరు? జీతమిచ్చి నేర్పేవాడు మాత్రమే. ఫీజు కట్టించుకున్నవాడు పంపగలడా? పంపితే మిగతా విడత రాదు, పోయినవాడు ఊళ్లో పరువు తీస్తాడు, వచ్చే ఏడు బ్యాచ్ నిండదు. అందుకే ఆ కాలేజీల్లో ఎవరూ తప్పరు. అందరికీ ఫస్ట్ క్లాసే, అందరి మెడలోనూ ట్యాగే. జీతం తీసుకునే ట్రైనీకి "నీకిది కుదరదు నాయనా" అని ముఖం మీద చెప్పవచ్చు. డబ్బిచ్చి చేరినవాడు విద్యార్థి కాదు, కస్టమర్. రేపు నా ఇంట్లో పొగ కమ్ముకుంటే లోపలికి వచ్చేవాడు కస్టమర్‌గా పాసైనవాడు కావడం నాకు ఇష్టం లేదు. సెక్రటరీగారికి ఇష్టమైతే వారి ఫ్లాటుకు పిలిపించుకోవచ్చు.

ఎదురు డబ్బు కట్టి ఉద్యోగంలో చేరే ఈ ఆచారం ఎంత లోతుకు పోయిందో చెప్పడానికి ఒకటి గుర్తు చేస్తాను. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ తగలబడింది. ఆరుగురు పిల్లలు పోయారు. పిల్లలనే అంటాను, అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్లే. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. మంట తగిలి కాదు, పొగకు ఊపిరాడక పోయారు. అక్కడ ఉద్యోగంలో చేరడానికి వాళ్లు ఎదురు లక్షలు కట్టారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. తల్లిదండ్రులు అప్పు చేసి కట్టారట, సంపాదించి తీరుస్తాడని, తీరుస్తుందని. రెండు రోజులు టీవీల్లో చర్చ నడిచింది. బిల్డింగుకు ఫైర్ ఎన్‌వోసీ ఉందా లేదా, మెట్ల మీద సామాను ఎవరు పెట్టారు అని. మంచిదే, అడగాల్సిందే. కానీ ఉద్యోగమిస్తామన్నవాడికి పల్లెటూరి తండ్రి డబ్బు ఎందుకు కట్టాలి అని అడిగినవాళ్లు ఎందరు? కట్టడం మనకు అంత మామూలైపోయింది.

అది జరగడానికి రెండు నెలల ముందే అదే సికింద్రాబాద్‌లో దక్కన్ మాల్ కాలింది. ఆ ముందటేడు మార్చిలో బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బీహారీ కూలీలు, సెప్టెంబర్లో రూబీ హోటల్లో ఎనిమిది మంది. 2025 మే 18న గుల్జార్‌హౌజ్‌లో ఒకే కుటుంబానికి చెందిన 17 మంది, వాళ్లలో ఎనిమిది మంది చిన్నపిల్లలు. ప్రతిసారీ జనం తిట్టేది ఫైరింజన్‌ను. ఆలస్యంగా వచ్చింది, సామాన్లు లేవు, వాళ్లకు పని రాదు అని. తిట్టినవాళ్లే మర్నాడు, నేర్చుకునేవాడికి జీతమెందుకు అంటారు. సందులో అడ్డంగా కారు పెట్టింది ఎవరో, ఇరుకు మెట్ల మీద ఫ్రిజ్ అట్టపెట్టెలు పేర్చింది ఎవరో అడగొద్దు. మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఏమున్నాయో కూడా అడగొద్దు. సెక్రటరీగారి పాత సోఫా ఉంది, అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఇక మిగతా వాదనలు. డాలస్‌లో ఉండే ఒక బంధువు ఫోన్లో జ్ఞానబోధ చేశాడు: "బాబాయ్, ఇక్కడ ఫైర్‌మెన్లో సగానికి పైగా వాలంటీర్లే, పైసా తీసుకోరు." నిజమే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో పెట్టిన కంపెనీ నాటి నుంచీ వాళ్లకు ఆ అలవాటుంది. ఆ వాలంటీర్లలో ఎక్కువమంది చిన్న ఊళ్లవాళ్లు, వేరే జీతం ఉన్నవాళ్లు. అదే డాలస్ నగరంలో మాత్రం అకాడమీలో అడుగుపెట్టిన ట్రైనీకి జీతం మొదలవుతుంది. పక్కింటి సంగతి తెలుసుకోకుండా పదివేల మైళ్ల అవతలికి సలహా చెప్పడం మనవాళ్ల ప్రత్యేకత. బ్రిటన్లోనైతే ఫైర్‌ఫైటర్ల జీతాల పట్టికలో మొదటి వరసే ట్రైనీది. అక్కడెవరూ దాన్ని దానధర్మమని అనుకోరు.

నేర్చుకుని మధ్యలో వదిలేసి పోతేనో? బాండు రాయించుకోండి. అదేమంత బ్రహ్మవిద్య?

పన్నుల సొమ్ము అన్న మాటకు మాత్రం కాస్త ఆగాలి. ఏటా ఏప్రిల్ 14న దేశంలోని అగ్నిమాపక సిబ్బంది మౌనం పాటిస్తారు. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి కలిపి నింపుకున్న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయింది. ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ల పేరు మీద జరిగే వారోత్సవంలోనే కదా మావాళ్లు కుర్చీలేసుకుని కూర్చున్నది. చచ్చినవాడికి మౌనం ఉచితం, నేర్చుకునేవాడికి నెల జీతమంటేనే దండగ.

మరి నువ్వేం చెయ్యమంటావయ్యా అంటారా? ప్రభుత్వ పోస్టులు అందరికీ రావు, నాకూ తెలుసు. పరిశ్రమలు చెయ్యాలి. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా పోయారు. పటాన్‌చెరు నుంచి పరవాడ దాకా ఇన్ని రసాయన ఫ్యాక్టరీలున్నాయి, ప్రతిదానికీ మంటలార్పేవాళ్లు కావాలి. ఆ కుర్రాళ్లను డిప్లొమా దుకాణాలకు వదిలెయ్యకుండా, ఫ్యాక్టరీలే జీతమిచ్చి తీసుకుని ఫైర్ స్టేషన్లకు జతచేసి నేర్పించవచ్చు. 1961 నుంచీ అప్రెంటిస్ చట్టం ఉండనే ఉంది, స్టయిపెండ్ అనే మాట అందులోనే ఉంది. ఎన్ని సీట్లు, ఎవరి వాటా ఎంత అనే లెక్కలు కట్టడానికి అధికారులున్నారు, నేను కట్టను.

ఈలోగా, కరపత్రం పట్టుకుని తండ్రి దగ్గర బర్రె బేరం పెట్టబోయే కుర్రాడికి ఒక్క మాట. ముందు నోటిఫికేషన్‌లో అర్హతల పేరా చదువు. డిప్లొమా అని ఉంటే అప్పుడే ఫీజు సంగతి. లేకపోతే పొద్దున్నే గ్రౌండుకు వెళ్లి 1600 మీటర్లు ఎంతలో పూర్తవుతున్నాయో చూసుకో. స్టీరింగ్ కూడా వచ్చు అంటావా, ఫైరింజన్ డ్రైవర్ ఆపరేటర్ పోస్టులున్నాయి. వాటికి అడిగేది హెవీ లైసెన్సు. అది నోటిఫికేషన్ పడ్డాక పరిగెత్తితే పనికిరాదు, ముందు నుంచే చేతిలో ఉండాలి. దానికీ ముందు కారు లైసెన్సు ఏడాది పాతబడాలి. కాబట్టి ఎల్ఎల్ఆర్‌కు ఈ వారమే స్లాట్ బుక్ చేసుకో. మొబైల్ షాపు పైనున్న కౌన్సెలర్ ఫోన్ చేస్తే ఎత్తకు.