మాస్టారి మాట: ఘుమఘుమలు మురికిని వదిలిస్తాయా?

బాలలూ! చొక్కా ఘుమఘుమలాడితేనే శుభ్రంగా ఉతికినట్టని అనుకుంటున్నారా? మురికిని వదిలించేది వాసన కాదు. సబ్బు అణువుకు ఒక కొస జిడ్డును, రెండో కొస నీటిని పట్టుకుంటాయి. అందుకే జిడ్డు నీళ్లతో పోతుంది. పరిమళం పైన కలిపినదే.

మా మనుమరాలికి పసితనంలో మెడంతా దద్దుర్లు లేచి రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. డాక్టరుగారి మాట మీద పరిమళం కలపని సబ్బుతో ఉతికి, బాగా జాడించాము. క్రమంగా తగ్గింది. పరిమళాలు చాలామందిని ఏమీ చెయ్యవు; కొందరి చర్మానికి మాత్రం పడవు.

కొనేటప్పుడు పొట్లం మీది అక్షరాలు చదవండి. ‘అన్‌సెంటెడ్’ అన్నదానిలోనూ ఇతర వాసనలను కప్పే పరిమళం ఉండవచ్చు. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అన్నది చూడండి. ఇంట్లో పసివాళ్లుంటే, ఎవరికైనా దురద ఉంటే అదే మేలు.

ఈ ఆదివారం బట్టలు జాడించడంలో అమ్మకు సాయం చేస్తారు కదూ?