గాడిదకు చదువొచ్చు

డిగ్రీ చదువుతున్న మా చిన్నోడు ఆ మధ్య ఒక సన్నని ఇంగ్లిషు పుస్తకం పట్టుకుని తనలో తాను నవ్వుకుంటున్నాడు. ఏంట్రా అంటే, "యానిమల్ ఫామ్ అమ్మా. జంతువులన్నీ తిరగబడి యజమానిని తరిమేస్తయి. కొన్నాళ్ళకు పందులే యజమానులైతయి" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. మంచం మీద కూర్చున్న మా మామయ్య వైపు తిరిగి, "మీ ఎర్రజెండాల కథే తాతా!" అన్నాడు.

మామయ్య ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళు బాయి దిగి, తట్టా చెమ్మాసుతో బొగ్గెత్తి టబ్బులు నింపిన మనిషి. ఇంట్లో గింజలు నిండుకున్న రోజుల్లో కూడా సమ్మె విడవని మనిషి. ఆ రాత్రి అన్నం సగంలోనే లేచిపోయాడు.

నాకు మనసు మనసులో లేదు. వాడి మాట తప్పో ఒప్పో చెప్పాలంటే ముందు నేను చదవాలి కదా. నేను చదివింది బీఏ తెలుగు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, రాని చోట వాణ్ణే అడిగి, రోజూ సాయంత్రం కొంచెం కొంచెం మామయ్యకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

ఇది రష్యా విప్లవం మీద రాసిన వ్యంగ్య కథ. 1917లో జార్‌ను దించి తెచ్చుకున్న రాజ్యం స్టాలిన్ చేతిలో ఏమైందో జంతువుల మీద పెట్టి చెప్పాడు జార్జ్ ఆర్వెల్. 1945 ఆగస్టులో వచ్చింది. ఆయన పుట్టింది మన దేశంలోనే, బీహార్‌లోని మోతీహారిలో. పేదవాళ్ళ పక్షం కాని మనిషేమీ కాదు. స్పెయిన్‌లో ఫాసిస్టుల మీద తుపాకీ పట్టి గొంతులో తూటా తిన్నాడు. అంతకుముందు 1936లో ఇంగ్లాండు బొగ్గు గనుల్లోకి దిగి, నడుం వంచి బొగ్గు దగ్గరిదాకా నడిచి, ఆ పని చేసేవాళ్ళ గురించి పుస్తకం రాశాడు. ఈ సంగతి చెప్పగానే మామయ్య లేచి కూర్చున్నాడు. "బాయి దిగిండా? అయితే చెప్పు బిడ్డా" అన్నాడు.

కథలో బాక్సర్ అనే గుర్రం ఉంటుంది. ఎంత కష్టమొచ్చినా ఇంకా ఎక్కువ పని చేస్తే అన్నీ సర్దుకుంటాయని నమ్మే అమాయకపు గుర్రం. దాన్ని చదువుతుంటే స్టఖనోవ్ గుర్తొస్తాడని చాలామంది అంటారు. ఆయనా బొగ్గు కార్మికుడే. 1935 ఆగస్టు 31న డాన్‌బాస్ గనిలో ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తీశాడని దేశమంతా ప్రచారం చేశారు. మామూలు లెక్క 7 టన్నులు. పక్కన దిమ్మెలు పెట్టేవాళ్ళు వేరే ఉన్నారన్న సంగతి మాత్రం ఆ ప్రచారంలో వెనక్కి పోయింది. ఆయన పేరు చెప్పి మిగతావాళ్ళ లెక్క పెంచారు. మామయ్య నవ్వాడు. "దిమ్మె పెట్టేటోడు లేంది బొగ్గెట్లొస్తది? ఆ లెక్క రాసినోడు బాయి దిగి ఉండడు" అన్నాడు.

ఇక్కడే మా చిన్నోడితో నాకు పేచీ. ఆ పుస్తకం నవ్వేది గుర్రాన్ని చూసి కాదు. తిరగబడటం తప్పని కూడా అది చెప్పదు. పాత యజమాని ఎంత తాగుబోతో, జంతువుల కడుపులు ఎట్లా మాడ్చాడో మొదట్లోనే ఉంది. చివర్లో పందులకూ మనుషులకూ తేడా తెలియకుండా పోతుంది. అంటే తిట్టు ఇద్దరికీ. 1954లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ డబ్బుతో దీన్ని కార్టూన్ సినిమాగా తీసినప్పుడు ఆ చివరి సన్నివేశంలోంచి మనుషుల్ని తీసేశారు. పందులొక్కటే దుర్మార్గులుగా మిగిలాయి. పేదవాడు తిరగబడితే ఇంతే అని చెప్పుకోవడానికి అట్లా కోసుకున్నారు. మావాడు నవ్వింది ఆ కోసిన కథను చూసినట్టే ఉంది నాకు.

బాక్సర్ పడిపోయాక పందులు దాన్ని ఆసుపత్రికని బండెక్కిస్తాయి. బండి మీద మాత్రం గుర్రాల్ని కోసేవాడి పేరుంటుంది. ఆ అక్షరాలు చదివి అరిచింది బెంజమిన్ అనే ముసలి గాడిద. అప్పటికే ఆలస్యమైపోయింది. మామయ్య చాలాసేపు పలకలేదు. తర్వాత అడిగాడు: "గా గాడిదకు ముందుగాల్నే సదువొచ్చు గదా బిడ్డా! గోడ మీద రాతలు మార్సినప్పుడే ఎందుకు జెప్పలె?"

నా దగ్గర జవాబు లేదు. కథలో నిజంగానే పందులు రాత్రిళ్ళు గోడ మీది సూత్రాలు మారుస్తుంటాయి. చదవమని అడిగితే బెంజమిన్ అట్లాంటి వాటిలో తాను తలదూర్చనంటుంది.

నాకు మా ఇంటి సంగతి గుర్తొచ్చింది. మామయ్య రిటైర్ కాకముందు తెలిసినాయన ఒకరు అప్పు కాగితం తెచ్చాడు. జామీను వేలిముద్ర కావాలన్నాడు. నేను చాయ్ ఇచ్చి వస్తూ రెండు పంక్తులు చదివాను. అతను కట్టకపోతే మొత్తం మామయ్య మీదికి వస్తుందని అర్థమైంది. కొత్త కోడల్ని, మామగారి వ్యవహారంలో తలదూర్చడం ఎందుకని వంటింట్లోకి పోయాను. ఆ తర్వాత ఎన్నేళ్ళు మామయ్య జీతంలో కోత పడిందో నాకు తెలుసు. ఆ రోజు నేను చదివానన్న సంగతి ఆయనకు తెలియదు. ఇది రాసేముందే చెప్పాను. "పోనీ తియ్యి బిడ్డా" అన్నాడు. నాకు మాత్రం పోలేదు.

యానిమల్ ఫామ్ వచ్చి ఏడాది తిరగకముందే, 1946 జులై 4న మన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ రైతాంగ పోరాటం మీద కృష్ణచందర్ ఉర్దూలో నవల రాశాడు. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాకు మూలం అదే. ఆ కృష్ణచందరే ఇంకో గాడిద కథ కూడా రాశాడు. ఆ గాడిదకూ చదువొచ్చు. దాన్ని పెట్టుకున్న చాకలిని మొసలి తినేస్తే, అతని భార్యాబిడ్డలకు ఏదైనా సాయం ఇప్పించమని ఢిల్లీలో ఆఫీసు తర్వాత ఆఫీసు తిరిగి, చివరికి నెహ్రూ దాకా పోతుంది. బాయిలో పోయినోళ్ళ పెళ్ళాలు కాగితాలు పట్టుకుని తిరగడం చూసిన మన ఊళ్ళకు ఆ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. అందులోనూ వ్యంగ్యమే, నవ్వే. కానీ ఆ గాడిద నోరు మూసుకోలేదు. పోరాటం మీద నవల రాసిన చేత్తోనే దొరలమీదా దొరతనమ్మీదా నవ్వొచ్చని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

అందుకే మా చిన్నోడికి చెప్పాను: "మీ తాత బాక్సరే అనుకో. మరి మనమెవరం? ఈ ఇంట్లో చదువొచ్చింది మనకే కదరా." వాడు మళ్ళీ నవ్వలేదు. ఒప్పుకున్నాడనీ అనను, ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. కానీ మొన్న మామయ్య పింఛను కాగితమేదో వస్తే, తాత మంచం మీద కూర్చుని మొదటి అక్షరం నుంచి కింది సంతకం దాకా గట్టిగా చదివి వినిపించాడు. మామయ్య మధ్యలో రెండుసార్లు ఆపి, "మళ్ళొకసారి సదువు" అన్నాడు.